నల్లగౌను నుండి నల్లబల్లకు



నేను విశాఖపట్టణమున కొన్ని యేండ్లు న్యాయవాదిగా నుండి, పిమ్మట న్యాయశాస్త్రమును బోధించు ఉపన్యాసకుడ నైతిని. "వృద్ధికి వచ్చుచున్న వృత్తిని విడిచి నెలజీతమునకు పోవుట యేల?" అని బంధువులు పలుమారు అడిగిరి. ఆ ప్రశ్నకు నేడు సమాధానము చెప్పెదను.

విశాఖపట్టణమున 1933లో నౌకాశ్రయము తెరవబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. ఊరు పెరిగినకొలది చుట్టుపట్ల పల్లెల భూములు ప్రజోపయోగ కార్యములకు పోవుచుండెను. అప్పుడు అమలులో నున్నది 1894 నాటి భూసేకరణ చట్టము.

ఒకనాడొక వృద్ధరైతు నాయొద్దకు వచ్చెను. తన భూమికి ఇచ్చిన పరిహారము చాలదని అతని మొర. కాగితములు చూచితిని. సొమ్ము పుచ్చుకొనునప్పుడు "ఈ మొత్తము చాలదని ఆక్షేపించుచు పుచ్చుకొంటిని" అని అతడు వ్రాయించలేదు. ఆక్షేపణ లేక సొమ్ము పుచ్చుకొన్నవాడు హెచ్చు పరిహారమునకై తన తగవును న్యాయస్థానమునకు పంపుమని కోరరాదని ఆ చట్టము 31వ సెక్షను చెప్పుచున్నది. ఆ సంగతి తెలిపితిని. "ఈ ముక్క అప్పుడే చెప్పినవారు లేకపోయిరి బాబూ" అని అతడు కండువా దులుపుకొని లేచెను. నేను ఫీజు పుచ్చుకొనలేదు. చేయగలిగిన సాయమును లేకపోయెను.

జనులు వకీలు గడప త్రొక్కునది చాలవరకు చేయిదాటిన పిమ్మటనే. ముందుగా చెప్పువారు పల్లెకొకరైన నుండవలెను. అట్టివారిని తయారుచేయు చోటు తరగతిగది యని నాకు తోచెను.

పగలు కోర్టు, రాత్రి చదువుగా ఎల్.ఎల్.ఎమ్. పట్టము సంపాదించితిని. ప్రాక్టీసు చేయు న్యాయవాది దినమునకు మూడుగంటలు మించకుండ న్యాయశాస్త్రము బోధింపవచ్చునని 1979 నాటి నియమములు అనుమతించుచున్నవి. మొదట అట్లే చేసితిని. పూర్తికాలపు జీతముపై చేరినప్పుడు మాత్రము ప్రాక్టీసు మానక తప్పలేదు. కక్షిదారుల కట్టలను మిత్రుల కప్పగించి, గౌను మడిచి పెట్టెలో పెట్టితిని. ఆ దినమున మనస్సు కలతపడెననుట నిజము. రాబడియు తగ్గెను.

అయినను ఏటేట క్రొత్త విద్యార్థులకు ఆ రైతు కథయే నా మొదటి పాఠము. 2014 జనవరి 1 నుండి క్రొత్త భూసేకరణ చట్టము అమలులోనికి వచ్చినను, ఆక్షేపణ నియమము దాని 77వ సెక్షనులో నిలిచియే యున్నది.

పెద్దలారా, మీ యూరి కుఱ్ఱవాడు న్యాయశాస్త్రము చదివి వచ్చినచో "ఎంత సంపాదించుచున్నావు?" అని మాత్రమే యడుగకుడు. రచ్చబండపై గూర్చుండబెట్టి, మీకు వచ్చిన నోటీసును చదివించి, గడువెన్నడో చెప్పించుకొనుడు. వ్రేలిముద్ర వేయుటకు ముందు అడిగినదే ప్రశ్న. తరువాత అడిగినది విచారము.

సెలవు.