తోలుబొమ్మయు సంఘన్యాయమును



మన రాయలసీమలో విద్యుద్దీపములు రాకమున్నే వెలుగును, నీడను, తెల్లని తెరను సాధనములుగాఁ గొని లోకమునకు బుద్ధి గఱపిన కళ తోలుబొమ్మలాట. మేఁకతోలును పలుచగాఁ జేసి, రంగులు వేసి, కీళ్లు కూర్చి, దీపమునకును తెరకును నడుమ బొమ్మ నాడింతురు. రామాయణకథ నడుమనే కేతిగాఁడును బంగారక్కయుఁ బ్రవేశించి పెద్దమనుష్యుల డాంబికమును ఎగతాళి చేయుదురు; ప్రేక్షకుల నవ్వునుబట్టి మాట మార్చుకొందురు. పేదవానికిఁ దెరచాటున దక్కిన వాక్స్వాతంత్ర్య మిది.

మన పొరుగున ధర్మవరము చెంత నిమ్మలకుంటలో శ్రీ దళవాయి చలపతిరావుగారు ఈ వంశవిద్యను నిలిపినందులకు 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. అయినను నేఁడు ఆటలు తగ్గి, ఆ చేతులే తోలు దీపపుగొడుగులు చేసి బ్రతుకవలసివచ్చుచున్నది. బొమ్మ నిలిచినది గాని దాని నోరు మూతపడుచున్నది.

ఇప్పుడు బాలుఁడు చేయి కదలించినచోఁ గెమెరా గ్రహించి, కంప్యూటరు తెరమీఁది బొమ్మను కదలించును. యంత్రము క్రొత్తది, ప్రశ్న పాతదే. ఆడించు చేయి ఎవరిది?

దాతలారా! కడప పాఠశాలలకు ఒక బొమ్మలాట గురువును, ఒక తెరను, ఒక యంత్రమును సమకూర్పుఁడు. బాలికలును, ఊరిచివరి పేటల బిడ్డలును ముందుగా బొమ్మ పట్టవలెను. నీళ్లను గూర్చి, కూలిని గూర్చి తమ మొఱను కేతిగాని నోటఁ బలికింపవలెను. ఆ మాట మన కులమునకే తగిలినను మనము కూర్చుండి వినవలెను. అట్లు వినఁగల సభయే న్యాయమునకు మొదటి మెట్టు.