సొదొమ పట్టణపు దోషము

స్వలింగానురాగులమైన మేము బైబిలు తెరచినపుడు మొదట మాకెదురగునది సొదొమ పట్టణము. ఆదికాండము 19వ అధ్యాయములో ఆ కథ గలదు. ఇద్దరు పరదేశులు సాయంవేళ ఆ యూరు చేరిరి. లోతు వారిని బ్రతిమాలి తన యింటికి తోడ్కొనిపోయెను. రాత్రి పురుషులెల్లరు ఇల్లు చుట్టుముట్టి, అతిథులను తమ కప్పగింపుమని తలుపుపై బడిరి. తెల్లవారిన పిదప పట్టణము అగ్నిగంధకముల పాలయ్యెను. ఆ యూరి పేరే పాశ్చాత్యభాషలలో మావంటివారి నేరమునకు పేరైనది.

ఇది పండితుల గోష్ఠితో ముగిసిన సంగతి కాదు. ఇంగ్లండులో 1533 నాటి శాసనము దీనికి మరణదండన విధించెను. 18వ శతాబ్దపు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ ఆ దండనను సమర్థించుచు ఆకాశాగ్నితో కాలిన పట్టణములనే సాక్ష్యము చూపెను. 1835 వరకు ఉరితీతలు జరిగినవి. ఆ న్యాయభావమే 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షనుగా మన దేశమునకు వచ్చినది. పరస్పర సమ్మతి గల వయోజనుల విషయమున దానిని సుప్రీంకోర్టు తొలగించినది 2018 సెప్టెంబరు 6న.

అందుచేత ఆ కథను మేము ఇతరులకంటె మెల్లగా చదువవలసి వచ్చినది. లోతు వాకిట జరిగినది అనురాగము కాదు, మూకుమ్మడి బలాత్కార యత్నము. న్యాయాధిపతుల గ్రంథము 19వ అధ్యాయములో ఇట్టి కథయే మరియొకటి యున్నది. అందు గిబియా వారికి బలియైనది ఒక స్త్రీ. అంతమాత్రమున స్త్రీపురుషుల ప్రేమ దోషమని ఎవ్వరును సిద్ధాంతము చేయలేదు గదా! యెహెజ్కేలు ప్రవక్త 16వ అధ్యాయమున సొదొమ దోషము లెన్నుచు గర్వమును, కడుపు నిండిన నిశ్చింతను, దీనులకు చేయూత నీయమిని ముందుగా చెప్పెను. యేసు సైతము తన శిష్యులను చేర్చుకొనని యూళ్ల ప్రసక్తిలోనే ఆ పట్టణమును తలచెను. అతిథిని అవమానించుట ఎంతటి దోషమో తెలుగువారికి వేరుగ చెప్ప నక్కరలేదు. ఆంగ్లికను మతగురువు డెరిక్ షెర్విన్ బెయిలీ 1955లోనే ఈ వాదమును గ్రంథముగ వెలయించెను.

అయినను మాకు ప్రతికూలమైన తావులను దాచరాదు. యెహెజ్కేలు మరుసటి వచనముననే హేయక్రియల మాట తెచ్చెను. లేవీయకాండపు నిషేధము స్పష్టముగనే యున్నది. దానిని వ్యాకరణముతో కరగింప జూచువారితో మేము ఏకీభవింపము. కాని రెండు విధముల నూలు కలిపి నేసిన బట్ట కట్టరాదన్నదియు ఆ కాండమే. ఏది నిలుపుకొనవలెనో, ఏది విడువవలెనో సంఘములు ఏనాడో ఎంచుకొన్నవి.

కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక, 6వ అధ్యాయములో రెండు గ్రీకు మాటలు గలవు. మొదటిదైన ‘మలకోయి’కి అర్థము మెత్తనివారని. మత్తయి సువార్తలో రాజగృహముల వారి మృదువస్త్రములకును ఇదే మాట. తెలుగు బైబిలులో అది ‘ఆడంగితనము’ అయినది. రెండవది ‘ఆర్సెనొకోయిటై’, మగవాడు, పడక అను మాటల కూర్పు. పౌలునకు పూర్వము దాని వాడుకకు నిశ్చయమైన ఆధారము లేదు. 1946 నాటి ఒక ఆంగ్లానువాదము ఈ రెంటిని కలిపి, 19వ శతాబ్దమున పుట్టిన ‘హోమోసెక్సువల్’ అను మాట నక్కడ నిలిపెను, 1971లో సవరించిరి.

దావీదు యోనాతానుల స్నేహమును మాలో కొందరు తమ వైపునకు లాగుదురు. వారిరువురు నిబంధన చేసికొనిరనియు, యోనాతాను మరణించినపుడు దావీదు విలపించెననియు గ్రంథము చెప్పుచున్నది. అంతవరకే మేమును చదువుచున్నాము.