అల్లా శబ్దము: దాని జ్ఞాతులు



కాకతీయుల కీర్తితోరణములును, వానికి కూతవేటు దూరమున ఖుష్ మహలును నిలిచియున్న ఈ ఖిలా వరంగల్లున, 1323లో తుగ్లకు సేనలు కోటను గైకొని దీనికి సుల్తానుపురమని పేరిడిన నాటినుండియు, అరబ్బీ పారసీక పదములు మన చెవులకు పరిచితములే. పీరుల పండుగకు ఊరంతయు కదలివచ్చు తెలంగాణమున అల్లా నామము విననివాడు లేడు. ఆ శబ్దమెక్కడిదని విచారించినవారు మాత్రము అరుదు.

అరబ్బీ వైయాకరణులలో పెక్కుమంది మతమున ఇది 'అల్', 'ఇలాహ్' అను పదముల కలయిక. ఇలాహ్ అనగా ఆరాధ్యుడు, దైవము. అల్ అనునది ఫలానాయని నిర్దేశించు ఉపపదము. నడిమి ఇకారము లోపించి లకారములు రెండును కలియగా అల్లాహ్ అను రూపము సిద్ధించినది. ఇది ఏ ధాతువునుండియు పుట్టని సంజ్ఞానామమే యని మరికొందరు వాదించిరి. నాకు మొదటి మతమే సమంజసముగ తోచుచున్నను, రెండవవారి పట్టుదలకు కారణము లేకపోలేదు: ఇలాహ్ శబ్దమునకు 'ఆలిహా' యను బహువచనము కలదు, అల్లాహ్ శబ్దమునకు లేదు.

దీని జ్ఞాతులు సెమిటిక్ భాషలయందు నలుదెసల కలరు. ప్రాచీన బాబిలోనువారి 'ఇలు', హీబ్రూవారి 'ఏల్', 'ఎలోహిమ్', మలబారు సిరియను క్రైస్తవుల పూజాభాషయందలి 'అలాహా' యనునవి ఆ కుటుంబమువే. మన పల్లెలలోని క్రైస్తవ గృహములందు వినవచ్చు గబ్రియేలు, మిఖాయేలు, ఇమ్మానుయేలు అను పేళ్ల తుదనున్న 'ఏలు' సైతము దైవవాచకమే. ఇస్లాము ప్రవక్త జన్మించుటకు పూర్వమే గతించిన ఆయన తండ్రి పేరు అబ్దుల్లా, అనగా అల్లాకు దాసుడు. కావున ఈ పదము ఇస్లామునకు ముందే అరబ్బులలో వ్యవహారమున నున్నది. 10వ శతాబ్దిలో యూదు పండితుడు సాదియా గావోను తోరాను అరబ్బీకరించినపుడు దేవుని ఈ శబ్దముతోనే వ్యవహరించెను. అరబ్బు క్రైస్తవులు నేటికిని బైబిలును అట్లే చదువుచున్నారు. ఇది ఒక మతమువారి సొత్తని తలచుట చరిత్రవిరుద్ధము.

సంస్కృతమున తల్లికి 'అల్లా' యను పేరు కలదు గావున అరబ్బీ పదము దానినుండియే పుట్టినదని చెప్పువారు కలరు. అందులకు సాక్ష్యముగ అల్లోపనిషత్తును చూపువారును కలరు. ఆ గ్రంథము అర్వాచీనమని దయానంద సరస్వతియే నిరాకరించెను. ధ్వనిసామ్యము బంధుత్వము కాజాలదు. 1816లో ఎల్లిసు దొర తెలుగు సంస్కృతజన్యము కాదని నిరూపించినది పోలిన మాటలను ఏరికూర్చి కాదు, ధాతువులను సరిపోల్చి. మన భాషకు న్యాయము చేకూర్చిన ఆ పద్ధతిని పరభాషలయెడ విడనాడుట పండితులకు తగదు.

'ఆంధ్రభాషా చరిత్రము' రచించిన చిలుకూరి నారాయణరావుగారే ఖురానును తెనిగించిరి. తెలుగు పండితులలో ఆ దారి పట్టువారు నేడు అరుదు. ఈ నేల చరిత్రను చదువ సంస్కృతాంధ్రములెంత యవసరమో అరబ్బీ పారసీకములును అంతయే యవసరము. కావున ఓరుగల్లు యువకులు కొందరైనను ఆ లిపిని, ఆ వ్యాకరణమును శ్రద్ధతో అభ్యసింపవలెననియు, అట్టివారికి ఈ సభవారు పుస్తకములును భృతియు సమకూర్పవలెననియు ప్రార్థించుచున్నాను.