కాటిసుంకం ఎవరికి?



హరిశ్చంద్రుని కథ మన నల్లగొండ, పాలమూరు పల్లెలకు కొత్తది కాదు. దాన్ని ద్విపదగా రాసిన గౌరన రాచకొండ వెలమరాజుల కాలపు కవి. తర్వాత దాన్ని ఊరూరా తిప్పింది బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో సురభి వాళ్ల నాటకం నుంచే వచ్చింది. మూడేండ్లకు, 1935లో, హరిశ్చంద్రుడూ తెరకెక్కిండు. రాజు అద్దంకి శ్రీరామమూర్తి, చంద్రమతి కన్నాంబ. ఇద్దరూ నాటకాల నుంచి వచ్చినోళ్లే. బొమ్మకు మాటొచ్చింది. మరి మన గురించి ఏం మాట్లాడింది?

నాటకం చూడండ్రి. విశ్వామిత్రుడు మాతంగ కన్యలను సృష్టించి పంపుతడు. పెండ్లాడమని వాళ్లడిగితే రాజు కాదంటడు. రాజ్యమన్నా ఇడుస్తడు గానీ ఆ కులంపిల్లను చేసుకోడు. తర్వాత పెండ్లాన్ని అమ్ముతడు, కొడుకును అమ్ముతడు. ఆలిని అమ్మితే చెడని సత్యం మాతంగి పిల్లను చేసుకుంటే చెడుతదా?

ఆఖరికి రాజు వీరబాహుకు అమ్ముడుపోయి కాటికాపరి అయితడు. అక్కడ జనమంతా ఏడుస్తరు. పుట్టుకతోనే ఆ పని నెత్తిన పడ్డోళ్లు అదే ఆటను దూరంగా కూసొని చూసిన్రు. వాళ్ల కోసం ఏడ్చినోళ్లెవరు? రాజు చేస్తే కష్టం, మనం చేస్తే కులధర్మం! రాజుకు దేవుళ్లు దిగొచ్చి రాజ్యం తిరిగిచ్చిన్రు. మార్కండేయ పురాణంలోనైతే రాజును కొన్న చండాలుడు కూడా వేషమేసుకున్న ధర్మదేవతే. రాజును కొనేటంత సొమ్ము నిజమైన మనోని చేతిలో ఉన్నట్టు రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ కాటిసీనులోకి మన మనిషి ఒకరొచ్చిన్రు. గుర్రం జాషువా. ఆయన శ్మశాన పద్యాలను నటులు నాటకంలో కలుపుకొని పాడిన్రు, జనం వన్స్‌మోర్ కొట్టిన్రు. కాట్లో అంటరానితనానికి తావు లేదన్నడు జాషువా. మన ఊళ్లల్ల చూస్తే చాలాచోట్ల కాడు కూడా కులానికొకటి.

చావు కబురు మోసుడు, డప్పు కొట్టుడు, బొంద తవ్వుడు ఎట్టిగా మన మీద పడ్డయి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని, 23వ అధికరణం ఎట్టిని నిషేధించినయి. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించిన్రు. ఎస్సీ, ఎస్టీలతో బలవంతంగా శవాలు మోయించినా, బొందలు తవ్వించినా నేరం. అందరి శ్మశానంలోకి రానియ్యకపోయినా నేరమే.

నాటకమాడితే పోయి ముందు వరుసలో కూసోండ్రి. జాషువా పద్యమొస్తే ఆయన పేరు చెప్పమనండ్రి. ఒక్క సంగతి మరువొద్దు. ఆ కథలో సుంకం కట్టనిదే రాజు సొంత కొడుకు శవానికే నిప్పంటదు. తరతరాల సంది బొందలు తవ్విన మనకు ఆ సుంకం ఏది? తవ్వితే మన ఇష్టానికి, మన కూలికి తవ్వుదాం. లేకుంటే గడ్డపార కిందపెడదాం. ఎవరి బొంద వాళ్లే తవ్వుకుంటరు.