డామ్రో కొండ మీద దొరికిన కుర్రాడు
(ఆదివాసీ దినోత్సవ సభలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ఏడాది స్మరణ ప్రసంగం ఎవరి మీద అని కమిటీలో కూర్చున్నప్పుడు మేము ఒక అమెరికా సైనికుడి పేరు చెప్పాం. ఒక తాత వెంటనే అడిగారు: "వాడు మనకేమవుతాడర్రా? మనవాళ్లే ఇంతమంది ఉండగా?" నవ్వులాటకు అడిగిన మాట కాదది. ఆయనకు అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాం.

అతని పేరు రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్. వయసు 24. అమెరికాలో జార్జియా రాష్ట్రం, కాంకర్డ్ అనే చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల వైమానిక దళంలో లెఫ్టినెంటు. 1944 జనవరి 25న చైనాలోని కున్‌మింగ్ నుంచి అస్సాంలోని చాబువాకు సరుకుల పని మీద బయలుదేరిన విమానంలో ఎనిమిది మంది ఉన్నారు. వారిలో ఇతనొకడు. అది బీ-24 రకం. అసలు బాంబులు వేసే విమానమే గానీ, చైనాలో ఉన్న ఆ దళానికి పెట్రోలు, బాంబులు ఇంకెవరూ తెచ్చివ్వరు. తమ సరుకు తామే మోసుకోవాలి. అంచేత యుద్ధ విమానమే లారీ పని చేసేది. ఆ రోజు అది చాబువా చేరలేదు.

అలా ఎందుకు తిరగాల్సి వచ్చిందో పిల్లల కోసం రెండు ముక్కలు. 1942లో జపాను బర్మాను పట్టుకుంది. అదే ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. బర్మా పోవడంతో చైనాకు భూమి మీద దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది అస్సాం నుంచి హిమాలయాల తూర్పు కొస మీదుగా గాలి దారి. పైలట్లు దానికి 'హంప్' అని పేరు పెట్టుకున్నారు, అంటే ఎద్దు మూపురం లాంటిదన్నమాట. కింద పేరు తెలియని శిఖరాలు, పైన మంచు పట్టే మబ్బులు, దారి చెప్పేందుకు అరకొర రేడియో. యుద్ధం ముగిసేదాకా ఆ దారిలో సుమారు ఆరు లక్షల యాభై వేల టన్నుల సరుకు వెళ్లింది. సుమారు 600 విమానాలు పోయాయి. యుద్ధం అయ్యాక వెతికారు. కొన్ని దొరికాయి, చాలా దొరకలేదు. దొరకని వాటిలో ఆక్స్‌ఫర్డ్ ఎక్కిన విమానం ఒకటి.

ఎవరికి దొరకలేదు? ఇదే మేము అడగదలిచింది. ఆ విమానం పడింది ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో, అప్పర్ సియాంగ్ జిల్లాలో, డామ్రో పైనున్న కొండ మీద. అది ఆది జాతి వారి నేల. ఆ అడవిలో వేటకు తిరిగేవాళ్లకు రేకులు ఎక్కడ పడి ఉన్నాయో తెలుసు. అట్లాంటి చోట్ల దొరికిన అల్యూమినియం ఆ కొండల్లో ఇళ్ల వాడకానికి కూడా వచ్చింది. ఢిల్లీకీ వాషింగ్టన్‌కీ కనబడకుండా పోయిందే తప్ప, అడవికి కనబడకుండా పోలేదు.

2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికా ఆయన ఊళ్లోవాళ్లను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడు. తప్పిపోయిన విమానాలను వెతకడమే ఆయన పెట్టుకున్న పని. ఆయన మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. పిలవకపోయినా వచ్చి, పరాయివాళ్ల పిల్లల కోసం కొండలెక్కాడు. కానీ వార్తల్లో ఆయన పేరుంటుంది, దళం నంబరు ఉంటుంది, విమానానికి సిపాయిలు పెట్టుకున్న ముద్దుపేరు కూడా ఉంటుంది. దారి చూపినవాళ్లు మాత్రం 'స్థానిక వేటగాళ్లు'. మన్యంలో పుట్టిన మాకు ఈ మాట కొత్త కాదు.

కనిపెట్టిన తొమ్మిదేళ్లకు, 2015లో, అమెరికా బృందం వచ్చి తవ్వింది. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలో లాంఛనాలతో అవశేషాలు అప్పగించారు. డీఎన్ఏ పరీక్షల తరవాత 2017లో అవి ఆక్స్‌ఫర్డ్‌వని తేలింది. ఆ జూన్‌లో సొంత ఊళ్లో ఖననం చేశారు. పోయిన 73 ఏళ్లకు. కన్న తల్లిదండ్రులు ఆ రోజు చూడలేదు.

ఇక తాత అడిగిన ప్రశ్న.

ఆ విమానం దిగాల్సిన చాబువా పేరుకు అర్థమే 'చా నాటిన చోటు'. అక్కడి విమాన మైదానం చాయ్ తోటల మధ్య పుట్టింది. చదును చేసిన చేతుల్లో తోట కూలీల చేతులున్నాయి. ఆ తోటలకు కూలీలుగా ఛోటానాగపూర్ నుంచే కాదు, గంజాం, విశాఖ ఏజెన్సీల నుంచి కూడా మనవాళ్లను పట్టుకుపోయారు. అస్సాం తోటల్లో ఈనాటికీ సవరలున్నారు. (అక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపు కోసం ఇంకా అడుగుతూనే ఉన్నారు. అది మరో సభలో మాట్లాడాలి.) ఆక్స్‌ఫర్డ్ కోసం కాచుకున్న ఆ మైదానాన్ని చదును చేసినవాళ్లలో మన కొండ నుంచి పోయినవాడు ఒక్కడైనా ఉన్నాడేమో, ఎవరు రాసి పెట్టారు గనక? మా ఇళ్లల్లో ముసలమ్మలు "అస్సాం పోయాడు" అంటే "చనిపోయాడు" అన్నంత దిగులుగా అంటారు. ఉత్తరం లేదు, కబురు లేదు, చావు వార్త కూడా లేదు.

సవరలకు దహనంతో పని అయిపోదు. గువార్ చేసి రాయి నిలబెట్టాలి. కుడన్ నోట పోయినవాడు వచ్చి మాట్లాడాలి, తనకేం కావాలో చెప్పాలి, ఇంట్లోవాళ్లు ఏడ్చి బదులివ్వాలి. మరి ఎక్కడ పోయాడో తెలియనివాడి సంగతి? దీనిమీద మా ఇళ్లల్లో పెద్దలందరిదీ ఒక మాట కాదు. ఆ యుద్ధం చేసినవాళ్లు తమ లెక్కకు ఒక దారి చూసుకున్నారు. దొరకని సైనికుల పేర్లు స్మారక గోడల రాళ్ల మీద చెక్కారు. ఎవరైనా దొరికితే పేరు చెరపరు, పక్కన చిన్న రోజాపువ్వు గుర్తు పెడతారు. ఇది చదివినప్పుడు మాకు గువార్ రాళ్లే గుర్తొచ్చాయి. వాళ్లకూ రాయే కావాల్సి వచ్చింది, తాతా.

2023 నవంబరులో పాసీఘాట్‌లో హంప్ మ్యూజియం తెరిచారు. ఆ కొండల్లో దొరికిన విమాన భాగాలు అక్కడ ఉన్నాయి. మన పిల్లలు ఎప్పుడైనా అటు వెళ్తే చూసి రండి. ఆది పిల్లలతో మాట్లాడండి, వాళ్ల తాతల పేర్లు అడిగి రాసుకు రండి.

ఈ-సంచికలో ఒక పేజీ ఖాళీగా ఉంచుతున్నాం. మీ ఇంటి నుంచి తోటలకో, పల్టన్‌కో, రోడ్డు పనికో వెళ్లి తిరిగిరానివాళ్ల పేర్లు సంఘానికి పంపండి. ఊరు, ఇంటి పేరు, ఏ ఏటి మాటో తెలిస్తే అది కూడా. ఏమీ తెలియకపోతే పిలుపు పేరు చాలు. రాయడం రానివాళ్లు ఫోనులో చెప్పినా మేము రాసుకుంటాం. ఆ తాత నిన్న సాయంత్రమే ఒక పేరు చెప్పారు, వాళ్ల పెదనాన్నది. పేజీలో మొదటి పేరు అదే.

జోహార్.