పేరు చూసి వేసే మార్కు

(దళితవాడల్లో సాయంత్రం బడులు నడిపే యువకులు, టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పైసా ఖర్చు లేకుండా ఫోన్లో, కంప్యూటర్లో దొరికే సాధనాలతో పిల్లల చేత ఎట్లా రాయించాలి, రాసింది ఎట్లా దిద్దాలి అని చెప్పమన్నారు. చెప్తాను. కానీ ఫోను కంటే ముందు దిద్దే చెయ్యి గురించి మాట్లాడుకోవాలె.

1848లో పూనాలో పూలే దంపతులు బడి పెడితే, సావిత్రిబాయి మీద పేడ విసిరారు. 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో మన పిల్లలకు బడి తెరిచాడు. అంటే మన చేతికి పలక వచ్చి నాలుగైదు తరాలే. ఇయ్యాల బడి గేటు కాడ ఎవరూ ఆపడం లేదు, నిజమే. మరి మన బిడ్డ రాసిన కాగితం టీచరు బల్ల మీదికి పోయినంక ఏమైతుందో ఎవరు చూశారు? జవాబు చదవకముందే కళ్లు పేరు మీదికి పోతయి. పేరు మీంచి ఇంటిపేరు మీదికి, అక్కడి నుంచి వాడకు.

ఇది కడుపుమంటతో అంటున్న మాట అనుకుంటారేమో. రేమా హన్నా, లీ లిండెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన దేశంలోనే పిల్లలకు ఒక బహుమతి పరీక్ష పెట్టించారు. జవాబు పత్రాల పైన కులం, వయసు, ఆడా మగా అన్న వివరాలను చీటీలు తీసినట్టు మార్చి అంటించి టీచర్ల చేత దిద్దించారు. ఆ పరిశోధన 2012లో అచ్చయింది. తక్కువ కులం అని అంటించిన కాగితానికి సగటున మార్కు తగ్గింది. తేడా చిన్నదే. కానీ సీటు దగ్గర ఒక్క మార్కు విలువెంతో మీకు నేను చెప్పాల్నా?

ఇంకో మాట ఉంది, మింగుడు పడదు. ఆ తగ్గించిన వాళ్లలో ఎక్కువగా తేలింది అగ్రవర్ణ టీచర్లు కాదు, కింది కులాల టీచర్లే. 'మనవాడికి ఇంతకంటే ఏం వస్తదిలే' అన్న పురుగు మన బుర్రలో కూడా దూరింది మరి. ఈ హాల్లో సగం మందిమి టీచర్లమే. అందుకే ఈ పద్ధతి ఎవరి మీదనో కోపంతో కాదు, ముందు మన కోసం పెట్టుకుంటున్నాం.

పిల్లల మీద దాని దెబ్బ ఎట్లా ఉంటదో కూడా వినండి. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనేవాళ్లు మగపిల్లలకు చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనిపెట్టమన్నారు. కులం ఎత్తనప్పుడు రెండు వైపుల పిల్లలూ సమానంగా చేశారు. అందరి ముందు కులం చదివి కూచోబెడితే మన పిల్లల లెక్క పడిపోయింది. అదే పిల్లలు, అవే బొమ్మలు!

ఇప్పుడు ఫోను తీయండి. గూగుల్ ఫారమ్స్ అని ఒకటి ఉంది, డబ్బులు అడగదు. దాంట్లో ప్రశ్నలు పెట్టి, పేరు అడిగే గడి తీసేయండి. ఈమెయిలు తీసుకునే మీట ఆపేయండి. అంకె ఒక్కటే అడగండి. ఏ అంకె ఎవరిదో ఒక నోటుబుక్కులో రాసి, దిద్దని మనిషి దగ్గర పెట్టండి. దిద్దేటప్పుడు ప్రశ్న వారీగా చూసే వీలుంది. మొదటి ప్రశ్నకు ముప్పై మంది జవాబులూ వరసగా చదవండి, తర్వాత రెండోది. అట్లా చేస్తే పిల్లవాణ్ణి కాదు, జవాబును దిద్దుతాం. వీలైతే ఇద్దరు విడివిడిగా దిద్దండి. తేడా ఎక్కువ వచ్చిన చోట కూచుని కొట్లాడుకోండి, మంచిదే. ఫోన్లు లేని చోట ఇదే పని కాగితం మీద నడుస్తది. పేరున్న మూల మడిచి పిన్ను కొడితే చాలు.

కానీ యంత్రానికి మార్కు వేసే పని అప్పజెప్పొద్దు. మీరు 'అంబేడ్కర్' అని జవాబు పెట్టి ఉంచితే, 'అంబేద్కర్' అని రాసిన పిల్లకు అది సున్నా వేస్తది. 'సొరకాయ' అని పెడితే, 'ఆనపకాయ' రాసిన బిడ్డ ఫెయిలే. దానికి అక్షరాలు తెలుసు, మన ఇంటి మాట తెలియదు. సరైన గుర్తు పెట్టే ప్రశ్నల వరకు దానికి ఒదిలేయండి. వాక్యం మనిషే చదవాలె.

2019 ఏప్రిల్ మరిచిపోయామా? తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అన్నారు. మళ్లీ చూస్తే 99! మార్కుల బుడగలు నింపిన చేతిలో తప్పు, లెక్క కట్టిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. దిద్దిన కాగితం బిడ్డ కంట్లో పడాలని నేను పట్టుబట్టేది ఇందుకే. దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద విద్యార్థి చూడొచ్చని సీబీఎస్‌ఈ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన సాయంత్రం బడిలో అంతకన్నా తక్కువ హక్కు ఉంటదా?

ఇక రాయించడం. 'ఆవు' మీద వ్యాసాలు చాలు. పిల్లవాణ్ణి నాయనమ్మ దగ్గర కూచోబెట్టి, తెలుగు కీబోర్డులో మైకు గుర్తు నొక్కి, ఆమె చిన్నప్పటి సంగతి చెప్పించండి. ఫోను తెలుగులో రాసుకుంటూ పోతది, నడుమ నడుమ బోల్తా కొడతది. 'కైకిలి' అన్న మాటకు ఇంకేదో రాస్తే బిడ్డ దాన్ని దిద్దాలె. ఎప్పుడూ దిద్దించుకునే బిడ్డ యంత్రాన్ని దిద్దుతుంటే వాని ముఖం చూడండి ఒకసారి. ఆ రాతను గూగుల్ డాక్స్‌లో పెట్టి, మీరు పక్కన వ్యాఖ్య రాయండి. ఎర్ర గీత కాదు, ప్రశ్న. 'ఆ రోజు కూలి ఎంత ఇచ్చారు?' 'దొర ఏమన్నాడు?' బిడ్డ మళ్లీ రాస్తాడు. మూడుసార్లు రాస్తే మూడు రూపాలూ అందులో దాగి ఉంటయి. కంప్యూటర్లో తెరిస్తే ఏ రోజు ఏం మార్చాడో కనబడతది. మార్కు ఆ ఎదుగుదలకు వేయండి. యంత్రం చేత వ్యాసం మొత్తం రాయించుకొచ్చిన వాడు కూడా అక్కడ తెలిసిపోతాడు, వాని రాత ఒక్క దెబ్బకు వచ్చి పడి ఉంటది గదా. ఒత్తు తప్పితే చెప్పండి. 'కైకిలి' తీసేసి 'కూలి పని' అని మాత్రం పెట్టకండి, అది తప్పు కాదు.

ఉచితం అన్నది ఊరికే రాదు. కంపెనీ మన రాతల లెక్క దాచుకుంటది. 2023 వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేసింది, తల్లిదండ్రుల అనుమతి ఉండాలన్నది. అందుకని పిల్లల పేరుతో ఖాతాలు తెరవకండి, కేంద్రం ఖాతా ఒక్కటి చాలు. పాత కంప్యూటరు దొరికితే లిబ్రె ఆఫీస్ వేసుకోండి. దానికి నెట్టు అక్కర్లేదు, ఏ కంపెనీకీ చెందదు, మార్పులు గుర్తుపెట్టే పని అదీ చేస్తది.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఇక్కడే ఒక ఫారమ్ తయారుచేసి చూద్దాం. ఫోన్లు ఛార్జింగు పెట్టుకుని రండి. ఒక్కొక్కరు పిల్లల రాతలు పది తేవాలె, పేర్లున్న మూల మడిచి తేవాలె. నోటుబుక్కు ఎవరు దాస్తారో ఇప్పుడే తేల్చండి. టీచర్లు కాని వాళ్లు చేతులెత్తండి.