సేవ చేసే చేతికీ సెలవు కావాలి
(వార్షిక సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



వేదిక మీది పెద్దలకు, తాండూరు, కొడంగల్, పరిగి వైపుల నుంచి శ్రమపడి బొంరాస్‌పేటకు వచ్చిన దాతలకు, సోదర సోదరీమణులకు మా కార్యవర్గం తరఫున స్వాగతం.

ఏటా ఈ సభలో ఎన్ని రేషన్ కిట్లు పంచామో, ఎందరు పిల్లలకు ఫీజులు కట్టామో లెక్క చెబుతాం. ఆ లెక్క ఈ సంచికలో వేరే పేజీల్లో ఉంది. ఈసారి పద్దుల్లో కనిపించని ఖర్చు ఒకటి మీ ముందు పెట్టదలిచాం. ఈ పనులు చేసే మనుషుల అలసట అది.

మన దగ్గర సేవకు వచ్చేవాళ్లలో తీరిక ఉన్నవాళ్లు తక్కువ. ఒకాయన తాండూరు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పగలంతా నిలబడి వస్తాడు. ఇంకొకాయన బడిలో పాఠాలు చెబుతాడు. ఒక చెల్లెమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చునే నాలుగిళ్ల ఆడవాళ్ల కష్టం వింటుంది. ఇంటికొచ్చి ముఖం కడుక్కునేలోపే ఫోను మోగుతుంది. కాన్పు కేసును హైదరాబాద్ తీసుకెళ్లమన్నారట, బండి కావాలి. ఉస్మానియాలో ఉన్న పేషెంటుకు రక్తం కావాలి. ఎవరో ముసలాయన పోయారు, కఫన్ సంగతి చూడాలి. వీటిలో రేపు చూద్దాం అనదగ్గది ఒక్కటీ లేదు.

ఇలా రెండు మూడేళ్లు గడిస్తే మనిషి మారిపోతాడు. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్లు తేలికపడదు. ఒకప్పుడు పిలవకముందే పరుగెత్తినవాడు ‘వీళ్లకెంత చేసినా ఇంతే’ అంటాడు. పని చేస్తూనే ఉంటాడు, ఏమీ చేయలేకపోతున్నానన్న దిగులు మాత్రం వదలదు. దీన్ని బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీని గురించి చెప్పిన గుర్తులూ ఈ మూడే: సత్తువ ఉడిగిపోవడం, పని మీద విముఖత, పని ఫలించడం లేదనిపించడం. ఇది జబ్బు కాదని, పనిచేసే చోట చాలాకాలం పట్టించుకోని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అని ఆ సంస్థ వివరించింది. అంటే ముందు చూడవలసింది పని అమరికను. మనవాళ్లేమో ‘వాడికి గర్వమెక్కింది’, ‘ఈమాన్ తగ్గింది’ అనేస్తారు.

ఈ మాట ప్రచారంలోకి వచ్చింది కూడా పెద్ద కంపెనీల నుంచి కాదు, మనలాంటి ఉచిత సేవ నుంచే. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు న్యూయార్క్‌లో పగలు సొంత ప్రాక్టీసు చూసుకుని, సాయంత్రాలు ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవారు. అక్కడి వాలంటీర్లు నెలల తరబడి పనిచేసి వాడిపోవడం చూశారు. తానూ ఆ స్థితికి వచ్చారు. 1974లో దాని మీద వ్యాసం రాస్తూ, అంకితభావం ఎక్కువున్న వాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువన్నారు. ఆయన చెప్పిన ఉపాయాలు సాదాగానే ఉన్నాయి: వంతులు మార్చండి, గంటలకు హద్దు పెట్టండి, సెలవివ్వండి, మనుషులను పెంచండి.

మనకు ఇది కొత్త సంగతి కాదు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన సోదరుడు అబూ దర్దా (రజి) ఇంటికి వెళితే, ఆయన పగలు నఫిల్ ఉపవాసాలు, రాత్రి నమాజులతో ఇల్లు పట్టించుకోవడం లేదని తెలిసింది. సల్మాన్ ఆయనతో భోజనం చేయించారు, నమాజుకు లేవబోతే పడుకోబెట్టారు, రాత్రి చివరి జామున ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు హక్కున్నట్టే నీ ప్రాణానికీ, నీ ఇంటివారికీ నీ మీద హక్కుందని నచ్చజెప్పారు. ఈ సంగతి విని దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పింది నిజమేనన్నారు. ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు, మన రాత్రి ఫోనుకు ఉండకూడదా?

అందుకని కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం. ఆసుపత్రి ఫోను ఇకపై ఒక్కరి దగ్గరే ఉండదు, రాత్రికొకరి చొప్పున వంతు. ప్రతి పనికీ ఇద్దరు. రంజాన్ కిట్ల పని చేసినవారికి పండుగ తరువాత నెల రోజులు ఏ పనీ చెప్పం. బస్సు చార్జీలు, రీచార్జి సొంత జేబులోంచి పెట్టుకోనివ్వం. వీటికి డబ్బు కావాలి. దాతలు చాలామంది ‘నా పైసా నేరుగా పేదవాడికే చేరాలి’ అంటారు. జకాత్ విషయంలో ఆ జాగ్రత్త ఉండవలసిందే, దాన్ని ఈ ఖర్చులకు ముట్టుకోం. మామూలు విరాళంలో కొంత భాగం మాత్రం దీనికి ఇవ్వమని అడుగుతున్నాం.

మీలో దుకాణాలు, యూనిట్లు నడిపేవారున్నారు. మీ దగ్గర పనిచేసే కుర్రాడికి వారానికో పూర్తి సెలవు దొరుకుతోందా, ఆ రోజు మీ ఫోను అతనికి వెళ్లకుండా ఉందా, చూడండి. అతనికి అది యోగా క్లాసు కంటే మేలు.

ఒక జాగ్రత్త. సెలవిచ్చినా దిగులు తగ్గకపోయినా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, చావాలనే మాట నోట వచ్చినా అది అలసట కాదు. దువా చేయించండి, డాక్టరుకూ చూపించండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఫోను వంతుల పట్టిక ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాం. నెలకు ఒక్క రాత్రి ఇచ్చినా చాలు. గురు, శుక్రవారాల గళ్లు ఇంకా ఖాళీగా ఉన్నాయి.